ఇంట్లో దొంగ పడితే నా మీద కేసు: నా అనుభవం

మా ఇంట్లో దొంగ పడ్డ సంగతి మా వీధిలో అందరికీ తెలుసు. ఆ దొంగే తిరిగి నా మీద కేసు పెట్టిన సంగతి చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు రెండు రకాలుగా మాట్లాడతారు. "ఇదెక్కడి న్యాయం? ఇంట్లోకొచ్చిన దొంగని కొట్టినా కేసేనా?" అని కొందరు. "రాత్రిపూట ఇంట్లోకి దూరినవాణ్ణి చంపినా కేసుండదు, నీకెందుకు టెన్షన్?" అని ఇంకొందరు. రెండు మాటల్లోనూ సగం నిజం ఉంది. మిగతా సగం నాకు పోలీస్ స్టేషన్లోనూ లాయరు గారి ఆఫీసులోనూ తెలిసొచ్చింది. అదే ఇక్కడ రాస్తున్నాను.

నేను ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. మాది ఖమ్మం జిల్లాలో ఒక మండల కేంద్రం. ఇల్లు ఊరి చివర, వెనకంతా పత్తి చేలు. మా ఆయనది షిఫ్టు డ్యూటీ. 2024 నవంబరులో ఆయన నైట్ డ్యూటీకి వెళ్ళిన ఒక రాత్రి ఇంట్లో నేనూ, మా అత్తమ్మా, ఆరో తరగతి చదివే మా పాపా ఉన్నాం. నెలా సంవత్సరం చెప్పడానికి కారణముంది. ఆ ఏడాది జులై 1 నుంచి నేరాలూ శిక్షలూ చెప్పే పాత చట్టం ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. జనం నోట్లో మాత్రం ఇంకా పాత సెక్షన్లే. స్టేషన్లో రైటర్ గారు కూడా పాత సెక్షనుకి కొత్త నంబరేదో ఫోన్లో వెతుక్కుంటూ రాశారు.

మా వంటింటి వెనక తలుపుకి లోపల చెక్క తలుపు, బయట జాలీ తలుపు ఉంటాయి. గాలి కోసం చెక్క తలుపు తీసి, జాలీ తలుపుకి గడియ పెట్టి పడుకోవడం మాకు అలవాటు. అర్ధరాత్రి దాటాక ఎప్పుడో వంటింట్లో స్టీలు గిన్నె పడ్డ చప్పుడైంది. పిల్లి అనుకుని లేచాను. మధ్య గదిలో బీరువా దగ్గర సెల్‌ఫోన్ లైటు వెలుగుతోంది. ఆ గదిలోనే మంచం మీద అత్తమ్మ, పాప. నేను వంటింటి గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఇంతలో అత్తమ్మకి మెలకువ వచ్చి కేక పెట్టింది. అతను ఆమె వైపు తిరిగి చేతిలో ఉన్న ఇనప రాడ్డు పైకెత్తాడు. గుమ్మం పక్కన అత్తమ్మ కారం దంచే చేతి రోకలి ఉంది. అది తీసి ఆ చేతి మీద కొట్టాను. రాడ్డు కింద పడింది. అతను చెయ్యి పట్టుకుని వచ్చిన దారినే పరిగెత్తాడు.

నేను వెంట పడలేదు. అత్తమ్మ మంచం మీంచి కిందికి జారిపోయింది, పాప ఏడుస్తోంది. 100కి ఫోన్ చేశాను, మా ఆయనకి చేశాను, అత్తమ్మ మొహం మీద నీళ్ళు చల్లాను. పెరట్లో ఏం జరిగిందన్నది నాకు వినపడిందే తప్ప కనపడలేదు. దొంగ గోడ దూకబోయి, విరిగిన చేత్తో పట్టు దొరక్క జారి పడ్డాడు. కేకలకి లేచిన ఎదురింటి బాబాయి వాళ్ళబ్బాయిలిద్దరూ వచ్చి పట్టుకున్నారు. బట్టలారేసే నైలాన్ తాడుతో జామచెట్టుకి కట్టేశారు. పోలీసులు వచ్చేదాకా కొట్టారు.

మన ఊళ్ళలో ఇది కొత్తేమీ కాదు. దొంగ దొరికితే చెట్టుకో కరెంటు స్తంభానికో కట్టేసి తలా ఒకటి వేయడం ఒక హక్కులాగా నడుస్తుంది. అడ్డం వెళ్ళినవాణ్ణే అనుమానంగా చూస్తారు. నా మీద కేసు పుట్టిందీ, ఆ తర్వాత నన్ను ఎక్కువ వేధించిందీ ఇంట్లో నేను కొట్టిన దెబ్బ కాదు, ఈ జామచెట్టు దగ్గరి దెబ్బలే.

పోలీసులు అతన్ని ముందు ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళారు. తెల్లారాక మేం స్టేషన్‌కి వెళ్ళాం. రైటర్ గారు మంచి మనిషే. ఫిర్యాదు తానే రాసిస్తానన్నారు. చదివితే అందులో ఉన్నది ఇంతే: గుర్తు తెలియని వ్యక్తి ఇంట్లో ప్రవేశించగా మేము కేకలు వేసినందున పారిపోవుచుండగా చుట్టుపక్కలవారు పట్టుకొని అప్పగించినారు. రోకలి లేదు. రాడ్డూ లేదు. "సార్, నేను కొట్టాను కదా, అది రాయలేదే?" అన్నాను. "ఎందుకమ్మా అవన్నీ, అనవసరంగా మీ మీదికొస్తుంది. దొంగతనం కేసు చాలదా?" అన్నారు. ఆయన నా మంచికే చెప్పారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ అతని చెయ్యి విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు. ఆ చెయ్యి ఎలా విరిగిందో రేపు ఎవరో ఒకరు అడుగుతారు. సంతకం పెట్టిన కాగితంలో ఆ మాటే లేకపోతే అప్పుడు నేనేం చెప్పినా కల్పించి చెప్పినట్టే ఉంటుంది. తెల్లకాగితం అడిగి నేనే రాశాను. రాడ్డు ఎవరి మీదికి ఎత్తాడు, నేనెక్కడ నిలబడ్డాను, ఎన్నిసార్లు కొట్టాను, అతను పరిగెత్తాక నేనేం చేశాను, అన్నీ. లెక్కల టీచర్ని కదా, స్టెప్పులు వదిలేయడం చేతకాదు.

తర్వాత ఎస్సై గారు ఇంటికొచ్చి పంచనామా చేశారు. క్లూస్ టీమ్ వాళ్ళు బీరువా మీద, జాలీ తలుపు మీద వేలిముద్రలు తీశారు. రోకలిని, రాడ్డుని, కోసిన జాలీ ముక్కని సీజ్ చేశారు. కొత్త చట్టం ప్రకారం సీజ్ చేసేటప్పుడు వీడియో తీయాలట. ఒక కానిస్టేబుల్ ఫోన్‌తో తీస్తుంటే, ఇంకొకాయన రోకలికి చీటీ కట్టి పంచుల చేత, అంటే పక్కనుండి చూసిన సాక్షుల చేత, సంతకాలు పెట్టించారు. "నా కారం రోకలి ఎప్పుడిస్తారయ్యా?" అని అత్తమ్మ అడిగింది. ఎవరూ జవాబు చెప్పలేదు.

ఆ రోజు నాకు కోపం తెప్పించిన విషయం ఒకటుంది. ఎస్సై గారు మిగతావన్నీ ఒక్కసారి అడిగి వదిలేశారు, తలుపు సంగతి మాత్రం తిప్పి తిప్పి అడిగారు. వేసి ఉందా, తీసి ఉందా? గడియా, తాళమా? జాలీ బయటి నుంచి కోశాడా? చెయ్యి లోపలికి పెట్టి గడియ తీశాడని మీకెలా తెలుసు? చెక్క తలుపు తీసి పడుకోవడం నా నేరమన్నట్టుగా అనిపించింది. ఆ ప్రశ్న నాకు వ్యతిరేకంగా అడిగింది కాదని లాయరు గారు చెప్పేదాకా తెలియలేదు.

పదిరోజులు కూడా కాకముందే కానిస్టేబుల్ ఇంటికొచ్చి నోటీసు ఇచ్చాడు. ఆసుపత్రిలో చెయ్యి కట్టించుకుంటూ దొంగ ఇచ్చిన వాంగ్మూలం మీద ఇంకో ఎఫ్ఐఆర్ అయింది. ఇంటావిడా, మరికొందరూ కలిసి తనని కట్టేసి రోకలితోనూ కర్రలతోనూ కొట్టారని అందులో ఉంది. ఏ1, అంటే మొదటి నిందితురాలు, నేను. ఏ2, ఏ3 ఎదురింటి అబ్బాయిలు. సెక్షన్లు 117(2), అంటే తీవ్ర గాయం చేయడం. 127(2), అక్రమంగా నిర్బంధించడం. వీటికి తోడు 3(5), అందరూ ఒకే ఉద్దేశంతో చేశారనడం. నా చేతికిచ్చింది నాగరిక సురక్షా సంహిత, అంటే కేసులు ఎలా నడపాలో చెప్పే కొత్త చట్టం, సెక్షన్ 35(3) కింద నోటీసు. పాత 41ఏ నోటీసు అంటే ఎక్కువమందికి అర్థమవుతుంది. అరెస్టు చేయరు, పిలిచినప్పుడల్లా స్టేషన్‌కి వెళ్ళాలి. ఆ కాగితం మీద 'నిందితురాలు' అన్న మాట చూసి మా ఆయన కుర్చీలో కూర్చుండిపోయారు.

ఆ సాయంత్రమే ఎదురింటి బాబాయి వచ్చాడు. నిజంగా మంచివాడు, అత్తమ్మకి బాగోలేనప్పుడు తన ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళిన మనిషి. కాసేపు అదీ ఇదీ మాట్లాడి అసలు సంగతికొచ్చాడు. "అమ్మా, దెబ్బలన్నీ ఇంట్లో పెనుగులాటలో తగిలినవేనని చెప్పు. ఆడపిల్లవి, అర్ధరాత్రి, ఇంట్లో మగదిక్కు లేదు. నీ మీద ఏ కోర్టులోనూ కేసు నిలబడదు. మావాళ్ళిద్దరూ కానిస్టేబుల్ పరీక్షలకి చదువుతున్నారు. కేసుంటే వెరిఫికేషన్లో పోతుంది. నీ కోసం వచ్చినందుకు వాళ్ళ బతుకు పాడవ్వాలా?"

ఏం జవాబు చెప్పను? వాళ్ళు వచ్చింది మా కేక విని. వాళ్ళు రాకపోతే దొంగ దొరికేవాడే కాదు. మా ఆయన కూడా ఒక దశలో, "పోనీ, నీ మీద ఎలాగూ కేసు ఉంది కదా" అన్నారు. లాయరు గారిని కలిసి వచ్చి చెబుతానని బాబాయికి చెప్పి పంపించాం.

ఖమ్మంలో మాకు తెలిసిన ఒక క్రిమినల్ లాయరు గారున్నారు, పెద్దావిడ. ఫిర్యాదు కాపీ, ఎఫ్ఐఆర్ రెండూ చదివి మొదట అడిగింది, "కొట్టానని మీరే రాసిచ్చారా?" అని. అవునన్నాను. "ఎందుకు కొట్టారో కూడా రాశారు, బతికిపోయారు" అన్నారు. ఆ తర్వాత చాలాసేపు ఓపిగ్గా వివరించారు.

ఆత్మరక్షణ హక్కు న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా ఉన్న సెక్షన్లలో ఉంది. పాత ఐపీసీలో ఇవే 96 నుంచి 106 దాకా. నంబర్లు మారాయి గానీ సారం 1860 నాటిదే. మన ఒంటినీ, పక్కవాళ్ళ ఒంటినీ, ఆస్తినీ కాపాడుకోవడానికి చేసిన పని నేరమే కాదని మొదటి సెక్షన్ అంటుంది. 'నేరమే గానీ క్షమిస్తాం' అనడం వేరు, అసలు నేరం కాదనడం వేరు. నేను కొట్టింది అత్తమ్మని కాపాడటానికి. చట్టానికి అదీ నన్ను నేను కాపాడుకున్నట్టే లెక్క. రాడ్డు అత్తమ్మ తల మీద పడేదాకా ఆగనక్కర్లేదు. పడుతుందని భయపడటానికి తగిన కారణం ఉంటే చాలు.

'చంపినా కేసుండదు' అనే మాట సెక్షన్ 41 నుంచి వచ్చింది. ఆస్తి కోసం ప్రాణం తీసేదాకా వెళ్ళే హక్కు నాలుగే నాలుగు సందర్భాల్లో ఉంది: ఒకటి, దోపిడీ; రెండు, పొద్దుగూకాక, పొద్దు పొడవకముందు ఇల్లు ఛేదించి లోపలికి రావడం; మూడు, మనుషులుండే ఇంటికి నిప్పు పెట్టడమో పేల్చడమో; నాలుగు, చావో తీవ్ర గాయమో తప్పదని భయపడేలా చేసే దొంగతనమో ఇంట్లో చొరబాటో. రెండోది వినగానే మా ఆయన మొహం వెలిగింది. లాయరు గారు ఆపారు. "అందుకే ఎస్సై తలుపు గురించి అన్నిసార్లు అడిగింది" అన్నారు. బార్లా తెరిచి ఉన్న గుమ్మంలోంచి లోపలికి రావడం ఉత్త చొరబాటు అవుతుంది, ఇల్లు ఛేదించడం కాదు. అప్పుడు ఇల్లు ఛేదించడం అన్న రెండో సందర్భం మనకి పనికిరాదు. గడియ పెట్టిన తలుపుని, మనం తీయని దారిన తీసి వస్తే అది ఛేదించడం. తలుపు కన్నంలోంచి తీగ పెట్టి గడియ ఎత్తిన దొంగ గురించి చట్టంలోనే ఒక ఉదాహరణ ఉందట. మా జాలీ తలుపు కథ ఇంచుమించు అదే. నేను కోపం తెచ్చుకున్న ఆ ప్రశ్నే నన్ను కాపాడే ప్రశ్న.

అయితే వీటన్నిటి మీదా సెక్షన్ 37 కూర్చుని ఉంటుంది. కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతకు మించి హాని చేయకూడదు. పోలీసుల సాయం అందే వ్యవధి ఉంటే ఈ హక్కే లేదు. ఎస్సై గారు, "గదిలో గడియ పెట్టుకుని ఫోన్ చేయాల్సింది కదమ్మా" అన్నారని చెబితే లాయరు గారు నవ్వారు. రాడ్డు పైకెత్తిన మనిషికీ మంచానికీ మధ్య రెండడుగులే ఉంటే ఫోన్ చేసే వ్యవధి ఎక్కడిది? దర్శన్ సింగ్ కేసులో 2010లో సుప్రీంకోర్టు ఈ సూత్రాలన్నీ ఒకచోట పేర్చి చెప్పిందట. దాడిలో ఉన్న మనిషి తన దెబ్బని మెట్టుమెట్టుగా లెక్కగట్టి కొట్టాలని ఆశించకూడదనీ, అలాగని ప్రమాదానికి ఏమాత్రం పొంతన లేనంత హాని చేయకూడదనీ అందులో ఉంది.

ఆ తర్వాత అసలు మాట. హక్కు ఎప్పుడు మొదలవుతుందో ఎంత ముఖ్యమో, ఎప్పుడు ఆగిపోతుందో అంతకన్నా ముఖ్యం. రాత్రి ఇల్లు ఛేదించి వచ్చినవాడి విషయంలో, అతను ఇంట్లో ఉన్నంతసేపే ఆ హక్కు ఉంటుందని సెక్షన్ 43 చెబుతుంది. గడప దాటి పారిపోయాక, అందులోనూ చెట్టుకి కట్టేశాక, ఇక ఎవరినుంచి ఎవరిని కాపాడుకోవాలి? కట్టేసిన మనిషి వల్ల ప్రమాదం లేదు. అప్పుడు కొట్టేది శిక్ష. శిక్ష వేసే పని మనది కాదు. పట్టుకోవడం మాత్రం తప్పు కాదు. కళ్ళముందు ఇలాంటి నేరం చేసినవాణ్ణి మామూలు మనిషి కూడా పట్టి ఆపొచ్చు, ఆలస్యం చేయకుండా, ఎంత కాదన్నా ఆరు గంటల్లోపు, పోలీసులకి అప్పగించాలి. అది నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 40. ఆ కుర్రాళ్ళు పట్టుకుని ఊరుకుని ఉంటే నిర్బంధం కేసు కూడా నిలిచేది కాదు.

అప్పుడు బాబాయి అడిగిన సంగతి చెప్పాను. ఆవిడ ఆసుపత్రి గాయాల సర్టిఫికెట్ గురించి అడిగారు. అది తర్వాత మా చేతికొచ్చింది. కుడి ముంజేతి ఎముక విరగడం, వీపు మీద నిలువుగా కమిలిన వాతలు, రెండు మణికట్లకీ తాడు ఒరిపిడి గుర్తులు. ఎముక విరిగితే చట్టం లెక్కలో అది తీవ్ర గాయం, మిగతావి మామూలు గాయాలు. "వీపు మీద దెబ్బలు కూడా నావే అని మీరు ఒప్పుకున్నారనుకోండి, వెన్ను చూపించి పారిపోతున్న మనిషిని మీరు కొట్టినట్టు. మణికట్టు గుర్తులు మీవే అంటే కట్టేసి కొట్టినట్టు. అప్పుడు ఆ మొదటి దెబ్బకి ఉన్న రక్షణ కూడా పోతుంది. మీరు కాపాడుకున్నారా, కసి తీర్చుకున్నారా అని జడ్జి అడిగితే ఏం చెప్తారు?" అన్నారు. ఆవిడకి ఇంకో భయం కూడా ఉంది. మా రోకలికి ఇనప పొన్ను ఉంది. దాన్ని ప్రమాదకరమైన ఆయుధంగా లెక్కేస్తే పోలీసులు సెక్షన్ మార్చి 118(2) పెట్టొచ్చు. అది నాన్ బెయిలబుల్, యావజ్జీవం దాకా వెళ్ళే సెక్షన్. దెబ్బలు ఎక్కువైనకొద్దీ ఆ ప్రమాదం పెరుగుతుంది. ఎందుకైనా మంచిదని ముందస్తు బెయిలు కాగితాలు తయారుచేసి పెట్టారు, వేయాల్సిన అవసరం రాలేదు.

ఇలాంటి కేసుల్లో రుజువు భారం కాస్త వింతగా ఉంటుంది. ఆత్మరక్షణ అని చెప్పుకునేవాళ్ళే అది చూపించాలి. కానీ పోలీసులు నేరం రుజువు చేసినంత గట్టిగా చూపించనక్కర్లేదు. తాసు ముల్లు కొద్దిగా మన వైపు వంగితే చాలు. అవతలివాళ్ళ సాక్ష్యంలోంచి కూడా చూపించొచ్చు. నిందితుడు ఆ మాట ఎత్తకపోయినా సాక్ష్యంలో కనిపిస్తే కోర్టు పరిగణించాలని మున్షీరామ్ కేసులో 1968లోనే సుప్రీంకోర్టు చెప్పింది. మా విషయంలో ఆ ముల్లుని వంచినవి నా ఫిర్యాదు, కోసిన జాలీ, అతని వేలిముద్రలున్న రాడ్డు, 100కి నేను చేసిన ఫోన్ కాల్ టైము. ఆ కాల్ వెళ్ళిన సమయానికి నేను ఇంట్లో ఉన్నాను. వెనక అత్తమ్మనీ పాపనీ పిలుస్తున్న నా గొంతు రికార్డయి ఉందని తర్వాత చెప్పారు.

బాబాయికి జవాబు చెప్పడం కోర్టుకెళ్ళడం కంటే కష్టమైంది. "నేను చేసిందే చెప్తాను బాబాయ్. పెరట్లో ఏం జరిగిందో నేను చూడలేదు, చూడనిది చూశానని చెప్పను. మీవాళ్ళ పేర్లు నా నోటితో చెప్పను. కానీ ఆ దెబ్బలు నావేనని మాత్రం చెప్పలేను" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. మర్నాటి నుంచి వాళ్ళింట్లో ఎవరూ మా వైపు చూడటం మానేశారు. పిన్ని అత్తమ్మతో మాట్లాడటం కూడా ఆపేసింది. నోటీసు తెచ్చిన టెన్షన్ కన్నా ఇదే ఎక్కువ కుంగదీసింది. ఇప్పటికీ నేను చెప్పింది సరైనదేనని అనుకుంటాను, అలాగని వాళ్ళ కోపంలో అన్యాయం ఉందనీ అనలేను.

స్టేషన్లో వాంగ్మూలం తీసుకున్నప్పుడు ఎస్సై గారు మర్యాదగానే ఉన్నారు. మధ్యలో ఒక సలహా ఇచ్చారు. "వాళ్ళ కేసు వాళ్ళు వదిలేస్తారు, మీ కేసు మీరు వదిలేయండి, రాజీ అయిపోండి." మా ఆయనకి ఆశ పుట్టింది. లాయరు గారికి ఫోన్ చేస్తే కుదరదన్నారు. గాయాల కేసు రాజీ చేసుకోవచ్చు, తీవ్ర గాయమైతే కోర్టు అనుమతితో చేసుకోవచ్చు. రాత్రిపూట ఇల్లు ఛేదించిన కేసు రాజీకి చట్టం ఒప్పుకోదు, అది 331(4). మేం వదిలేస్తామన్నా వదిలే కేసు కాదు. ఆవిడ పట్టుబట్టి ఇంకో మార్పు చేయించారు. మా ఫిర్యాదు మీద మొదట దొంగతనం సెక్షన్లే పెట్టారు. దొంగతనం చేస్తూ ఎవరినైనా కొట్టబోయినా, కొడతానని భయపెట్టినా అది దోపిడీ అవుతుంది. రాడ్డు ఎత్తిన మాట ఫిర్యాదులో ఉంది కాబట్టి దోపిడీ ప్రయత్నం సెక్షన్ చేర్చమని అర్జీ పెట్టించారు. చేర్చారు.

ఈ గొడవంతా నడుస్తుండగా చుట్టాల సలహాలకు కొదవ లేదు. మా పెద్దమామ ఒకాయన, "రాత్రిపూట గోడ మీద తీగ లాగి కరెంటు పెట్టండి, ఇంకెవడూ రాడు" అన్నాడు. అడవిపందుల కోసం చేలకి అలాగే పెడుతుంటారు, వాటికి మనుషులే బలైన వార్తలు మన పేపర్లలో ఎన్నిసార్లు చదవలేదూ? లాయరు గారితో అంటే ఆవిడ చిన్నగా కసురుకున్నారు. 1960లలోనే బీహార్ కేసు ఒకటి సుప్రీంకోర్టుకి వెళ్ళిందట. ఒకాయన తన మరుగుదొడ్డిని పక్కింటివాళ్ళు వాడుకోకుండా ఉత్త రాగి తీగకి కరెంటు పెడితే ఒకావిడ చనిపోయింది. అనుమతి లేకుండా వచ్చింది కదా అన్న వాదన నిలవలేదు, అతనికి శిక్ష పడింది. వచ్చింది దొంగా, బంతి కోసం గోడెక్కిన పిల్లాడా అన్నది తీగకి తెలియదు కదా. మేం వెనక గోడ మీద మోషన్ లైటు పెట్టించాం, చెక్క తలుపు వేసుకుని పడుకుంటున్నాం. ఉక్కపోస్తోంది, అది వేరే సంగతి.

ఇంగ్లండ్‌లో ఉంటున్న మా తమ్ముడు ఫోన్ చేసి అక్కడ ఇంటివాళ్ళకి ఇంకా వెసులుబాటు ఉందన్నాడు. 2013 నుంచి అక్కడ ఇంట్లోకి చొరబడినవాడి మీద కాస్త మోతాదు మించి బలం వాడినా, మరీ దారుణంగా మించకపోతే చట్టం ఊరుకోవచ్చట. కానీ అక్కడా టోనీ మార్టిన్ అనే రైతు 1999లో తన ఇంట్లో దూరిన దొంగల మీద కాల్పులు జరిపితే ఒక పదహారేళ్ళ కుర్రాడు చనిపోయాడు. తూటా తగిలింది వీపులోనే. జ్యూరీ ఆత్మరక్షణ అన్న మాట ఒప్పుకోలేదు, హత్య కిందే దోషి అంది. అప్పీలులో అతని మానసిక స్థితి కారణంగా అది తగ్గింది. ఏ దేశంలోనైనా గాయం ముందు ఉందా వెనక ఉందా అని డాక్టరు రాసే ఒక్క ముక్క మీద చాలా ఆధారపడుతుందని అప్పుడు అర్థమైంది.

చివరికి పోలీసులు మా మీద దొంగ పెట్టిన కౌంటర్ కేసులో చార్జిషీటు వేసే ముందు నా పేరు తొలగిస్తూ కోర్టులో మెమో వేశారు. ముంజేతి గాయం ఆత్మరక్షణలో తగిలిందని దర్యాప్తులో తేలిందని అందులో రాశారు. ఏ2, ఏ3 మీద మామూలు గాయం, నిర్బంధం సెక్షన్లతో చార్జిషీటు వెళ్ళింది. ఆ అబ్బాయిలు తర్వాత లోక్ అదాలత్‌లో రాజీ చేసుకున్నారు. దొంగ భార్య, చంకలో పిల్లతో, వచ్చి కూర్చుంది. వైద్యం ఖర్చు కింద కొంత డబ్బు ఇప్పించారు. అందులో సగం మేం ఇస్తామని మా ఆయన చేత బాబాయికి చెప్పించాను. ఆయన వద్దన్నాడు. పిల్లలు పరీక్ష ఫారంలో కేసు వివరాలు దాచకుండా రాశారు, రాజీ అయిన ఆర్డరు కాపీ జత చేశారు. దాచిపెడితే అదే పెద్ద తప్పవుతుందని లాయరు గారు చెప్పిన మాట ఒకటి మాత్రం బాబాయి విన్నాడు.

మెమో వేశారంటే ఇక నా పేరు ఎప్పటికీ రాదని కాదట. విచారణలో నా మీద సాక్ష్యం బయటపడితే కోర్టు మళ్ళీ నిందితురాలిగా పిలవొచ్చు. రాజీతో ఆ కేసే ముగిసిపోయింది కాబట్టి ఇప్పుడు ఆ భయం లేదు. దొంగతనం కేసు మాత్రం నడుస్తూనే ఉంది. రోకలి కోర్టు ప్రాపర్టీ గదిలో ఉంది, అత్తమ్మ జాతరలో ఇంకోటి కొనుక్కుంది. నాకు సాక్షిగా సమన్లు వచ్చాయి. వచ్చే వాయిదాకి నేను బోనెక్కాలి. డిఫెన్స్ లాయరు ముందుగా జాలీ తలుపు గురించే అడుగుతాడని, గడియ పెట్టింది నేనేనా, నిద్రపోయే ముందు చూసుకున్నానా అని గుచ్చి గుచ్చి అడుగుతాడని మా లాయరు గారు చెప్పి పంపించారు. పెట్టాను, చూసుకున్నాను, ఫిర్యాదు మొదటి పేజీలో రెండో పేరాలో రాశాను.